మిరప కల్లం నుంచి కృష్ణ ఒడ్డు దాకా: డ్రోన్ ఫొటోలో క్లారిటీ ఎలా తేవాలి

గుంటూరు జిల్లాలో డ్రోన్ కొన్న ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు తీసే ఫొటో ఒకటుంది: ఎండబోసిన మిరప కల్లం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రత్తిపాడు, వట్టిచెరుకూరు, పెదనందిపాడు వైపు వెళ్తే ఎటు చూసినా ఎరుపే. వంద మీటర్ల పైనుంచి ఒక షాట్ కొట్టి ఫోన్‌లో చూసుకుంటే అదిరిపోయినట్టే ఉంటుంది. అదే ఫొటోను కంప్యూటర్‌లో వేసి పెద్దది చేస్తే మాత్రం కాయ కనబడదు. ఎర్ర రంగు ముద్ద ఒకటి కనబడుతుంది. పక్కనున్న చెట్లు పచ్చటి మసకగా మారిపోయి ఉంటాయి.

అప్పుడు చాలామంది ఎడిటింగ్ యాప్ తెరిచి షార్ప్‌నెస్ స్లైడర్‌ను కుడివైపుకు లాగేస్తారు. దానివల్ల అంచులు గరుకుదేలతాయి గానీ కాయ రాదు. కెమెరా పట్టుకోని వివరాన్ని తర్వాత ఎవరూ తెచ్చిపెట్టలేరు. ఏఐతో ఫొటో పెంచే యాప్‌లు కాయల్లాంటివేవో గీసి పెడతాయి, అవి ఆ రైతు కల్లంలో ఉన్న కాయలు కావు. ఎంత ఎత్తులో ఉన్నారు, ఏ వెలుతురులో తీస్తున్నారు, లెన్స్ శుభ్రంగా ఉందా, ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) ఎంత పెట్టారు అన్న నాలుగింటి దగ్గరే నాణ్యత చాలావరకు తేలిపోతుంది. అందుకే ఈ గైడ్‌లో ఎడిటింగ్ చివర్లో వస్తుంది.

లెక్కలన్నీ 250 గ్రాముల లోపు బరువు, 12 మెగాపిక్సెల్ కెమెరా ఉన్న చిన్న డ్రోన్‌కు వేశాను. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నది అలాంటిదే. మీది పెద్దదైతే అంకెలు మారతాయి, పద్ధతి అదే.

ఎగరేయకముందు

మొదట డిజిటల్ స్కై మ్యాప్ చూడండి, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్ అది. గన్నవరం విమానాశ్రయం చుట్టూ అనుమతి లేకుండా ఎగరేయకూడని ఎరుపు, పసుపు జోన్లు ఉంటాయి. ఆకుపచ్చ జోన్‌లో కూడా 400 అడుగులు, అంటే 120 మీటర్లు దాటాలంటే అనుమతి కావాలి. దుర్గ గుడి, ప్రకాశం బ్యారేజీ, వెలగపూడి సచివాలయం లాంటి చోట్ల పోలీసుల అనుమతి చేతిలో లేకుండా డ్రోన్ బ్యాగ్‌లోంచి తీయొద్దు. ఎవరైనా వచ్చి ఆపుతారేమోనని టెన్షన్ పడుతూ తీసిన ఫొటో ఎలాగూ కుదురుగా రాదు.

తర్వాత లెన్స్. విజయవాడ ఉక్కలో లెన్స్‌కు పెద్ద శత్రువు కారు ఏసీ. గంటసేపు ఏసీలో ఉన్న డ్రోన్‌ను నది ఒడ్డున దించి వెంటనే ఎగరేస్తే, చల్లబడిన గాజు మీద బయటి గాలిలోని తేమ సన్నటి పొరగా పట్టేస్తుంది. అంత చిన్న లెన్స్ మీద ఆ పొర కంటికి ఆనదు. ఫొటోలు మాత్రం తెల్లగా, చప్పగా వస్తాయి. మీరు అది నది మీది పొగమంచు అనుకుని ఇంటికొస్తారు. గుడ్డతో తుడిచినా లాభం లేదు, గాజు చల్లగా ఉన్నంతసేపు తేమ మళ్లీ మళ్లీ పడుతూనే ఉంటుంది. చేరుకోవడానికి పావుగంట ముందే ఏసీ ఆపి అద్దాలు దించండి, బ్యాగ్ జిప్ తెరిచి ఉంచండి. లెన్స్ బయటి వేడికి వచ్చాక ఈ సమస్య ఉండదు.

కల్లం దగ్గర అయితే దుమ్ము. మిరప కాయల మధ్య నుంచి డ్రోన్ లేపితే రెక్కల గాలికి ఘాటు దుమ్ము లేచి లెన్స్ మీద, కెమెరాను కుదురుగా పట్టి ఉంచే గింబల్ మోటార్లలో పడుతుంది. పక్కన కాయలు ఏరుతున్నవాళ్లు దగ్గి దగ్గి చస్తారు. ముప్పై నలభై అడుగులు దూరంగా, గాలి ఎటు నుంచి వస్తోందో అటువైపు నిలబడి, గట్టి నేల మీద ఒక పట్టా పరిచి అక్కడి నుంచి లేపండి. దింపడం కూడా అక్కడే.

తుడిచేటప్పుడు ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాత మైక్రోఫైబర్ గుడ్డ వాడండి. కండువాతో, చొక్కా అంచుతో రుద్దితే అక్కడున్న దుమ్మే గాజును గీస్తుంది. తుడిచాక ఎండకు కాస్త ఎదురుగా ఒక ఫొటో తీసి చూడండి. వెలుగు చారలుగా చెదిరిందంటే వేలిముద్ర ఇంకా ఉన్నట్టే.

ఎత్తు తగ్గించండి

ఒక్క మార్పే చేసే ఓపిక ఉంటే, ఇది చేయండి. డ్రోన్ కొన్న కొత్తలో అందరికీ ఎత్తు మోజు ఉంటుంది. ఎత్తు పెరిగిన కొద్దీ కెమెరాకు, నేలకు మధ్య ఉన్న గాలి, దుమ్ము, తేమ అన్నీ ఫొటోలోకి వస్తాయి. దానికంటే ముఖ్యం, ఒక్కో పిక్సెల్ మోయాల్సిన నేల పెరిగిపోతుంది.

లెక్క తేలికే. చిన్న డ్రోన్లలో ఎక్కువగా ఉండే 24 ఎంఎం వైడ్ లెన్స్‌తో నేరుగా కిందికి చూస్తూ తీస్తే, ఎత్తుకు దాదాపు ఒకటిన్నర రెట్లు వెడల్పున్న నేల ఫ్రేములోకి వస్తుంది. 120 మీటర్ల ఎత్తులో సుమారు 170 మీటర్లు. 12 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 4000 పిక్సెల్స్. భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు 4 సెంటీమీటర్ల పైచిలుకు. తేజ రకం కాయ పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు, మందం సెంటీమీటరు ఉంటే గొప్ప. అంటే ఆ ఎత్తులో ఒక కాయ పొడవుకు రెండు పిక్సెల్స్ దొరుకుతాయి. మందానికి పావు పిక్సెల్ దొరుకుతుంది, అంటే దొరకనట్టే. ఇక షార్ప్‌నెస్ ఎంత పెంచితే మాత్రం ఏమొస్తుంది?

అదే 40 మీటర్లకు దిగితే పిక్సెల్‌కు సెంటీమీటరున్నర. 20 మీటర్లకు దిగితే 7 మిల్లీమీటర్లు, కాయలు విడివిడిగా ఉన్నట్టు తెలియడం మొదలవుతుంది. 10 మీటర్ల దగ్గర ఒక్కో కాయ పొడవుకు ఇరవై పిక్సెల్స్, మందానికి రెండు మూడు పడతాయి. అప్పుడు తొడిమలు కనిపిస్తాయి. ఎర్ర కాయల మధ్య రంగు పోయిన తాలు కాయలు పాలిపోయి వేరుగా తేలతాయి. కూర్చుని తాలు ఏరుతున్న మనిషి చేతివేళ్లు కూడా తెలుస్తాయి. అదీ కల్లం ఫొటో అంటే. ఆ ఎత్తులో మనుషులకు సరిగ్గా నడినెత్తిన డ్రోన్ పెట్టొద్దు, పక్కగా ఉండి కెమెరాను వంచి తీయండి.

కిందికి దిగితే కల్లం మొత్తం ఫ్రేములో పట్టదు కదా అంటారు. పట్టదు. అందుకే ముక్కలుగా తీసి అతికించాలి. 30 మీటర్ల ఎత్తులో ఆగి, డ్రోన్‌ను అక్కడే ఉంచి, కెమెరాను కొద్దికొద్దిగా తిప్పుతూ మూడు వరసల్లో మూడేసి ఫొటోలు తీయండి. ఒక్కో ఫొటో పక్కదానితో మూడో వంతు కలవాలి. చాలా డ్రోన్ యాప్‌లలో పనోరమా మోడ్ ఈ పని తనే చేస్తుంది. అలాంటప్పుడు యాప్ అతికించి ఇచ్చే చిన్న జేపెగ్‌తో సరిపెట్టుకోకండి. విడి ఫొటోలను కూడా కార్డులో సేవ్ చేయమని సెట్టింగ్ పెట్టి, ఇంటికొచ్చాక లైట్‌రూమ్‌లోనో, ఉచితంగా దొరికే హ్యూగిన్‌లోనో అతికించండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇదే లెక్క ప్రకాశం బ్యారేజీకి వేసి చూడండి. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు, గేట్లు 70. మొత్తాన్ని ఒకే ఫ్రేములో అడ్డంగా పట్టించాలంటే దాదాపు 850 మీటర్ల దూరం పోవాలి, అప్పుడు పిక్సెల్‌కు 30 సెంటీమీటర్లు. బ్యారేజీ మీద నడిచే మనిషి ఒక చుక్క అయిపోతాడు. అంత దూరం పోతే డ్రోన్ కూడా మీ కంటికి కనబడదు, అది నిబంధనకే విరుద్ధం. అనుమతి దొరికినప్పుడు దగ్గర్లోనే ఉండి నాలుగైదు నిలువు ఫొటోలు తీసి కలిపితే గేట్లు, వాటి కింద నీటి నురగ అన్నీ నిలుస్తాయి. డ్రోన్ కెమెరా నిలువుగా తిరగకపోతే అడ్డం ఫొటోలే రెండు వరసలుగా తీయండి.

వెలుతురు, గాలి

మన ప్రాంతంలో మధ్యాహ్నం ఫొటో తీయడం దండగ. వెలుతురు నడినెత్తి నుంచి పడుతుంది కాబట్టి కాయకూ కాయకూ మధ్య నీడ ఉండదు, నీడ లేకపోతే ఆకారం ఉండదు. మార్చి దాటాక ఎండిన నేల నుంచి లేచే సెగకు గాలి అలలు అలలుగా కదులుతుంది. ఆ కదలిక ఫొటోలో సన్నటి బ్లర్‌గా దిగుతుంది. ఎంత ఖరీదైన కెమెరాకైనా ఇది తప్పదు. పైగా చాలా చిన్న డ్రోన్లకు కంపెనీలు చెప్పే ఉష్ణోగ్రత పరిమితి 40 డిగ్రీలు. మే నెలలో విజయవాడ దాన్ని దాటే రోజులు ఎన్నో మీకు తెలుసు. సెన్సర్ వేడెక్కిన కొద్దీ గ్రెయిన్స్, అంటే ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, కూడా పెరుగుతాయి.

పొద్దున ఎండ పక్క నుంచి పడే రెండు గంటలు, సాయంత్రం ఎండ వాలాక గంటన్నర, ఇవే పనికొచ్చే వేళలు. కల్లం విషయంలో ఇంకొకటి చూసుకోవాలి. రాత్రి మంచు పడుతుందని కాయల మీద పట్టాలు కప్పుతారు. తెల్లారగానే వెళ్తే మీకు పట్టాల ఫొటోలే దొరుకుతాయి. ముందు రోజే వెళ్లి "బాబాయ్, పొద్దున పట్టాలు ఎన్నింటికి తీస్తారు?" అని అడగండి. "మంచు ఆరాక, ఏడున్నర దాటుద్ది" అంటే, ఎనిమిదింటికి అక్కడ ఉంటే చాలు. డ్రోన్ ఎగరేస్తున్నామని చెప్పినట్టూ ఉంటుంది, పొలం వాళ్ల సమ్మతి తీసుకున్నట్టూ ఉంటుంది.

డిసెంబరు, జనవరిలో కృష్ణ మీద పొద్దున్నే మంచు ఉంటుంది. మంచే మీకు కావాల్సిన అందమైతే ఆ వేళ వెళ్లండి. ఉండవల్లి కొండో, మంగళగిరి గాలిగోపురమో స్పష్టంగా కావాలంటే ఆ నెలల్లో పొద్దున వెళ్లి లాభం లేదు. దూరపు దృశ్యాలు తేటగా రావాలంటే వాన వెలిసిన మర్నాడు వెళ్లాలి. గాలిలోని దుమ్మంతా కిందికి దిగిపోయి, కొండపల్లి కొండలు కూడా గీసినట్టు కనిపిస్తాయి. ఆ ఒక్క పొద్దున దొరికే తేటదనాన్ని ఎడిటింగ్‌లో మసక తగ్గించే డీహేజ్ స్లైడర్ ఏ రోజూ ఇవ్వలేదు.

వెలుగు ఎటు నుంచి పడుతోందో చూడండి. సూర్యుడు మీ వెనక ఉంటే రంగులు నిండుగా, ఆకారాలు పలచగా వస్తాయి. పక్కన ఉంటే నీడలు పడి లోతు వస్తుంది. ఎదురుగా ఉంటే నీళ్లు మెరుస్తాయి, మిగతాదంతా చీకటవుతుంది. వరి పొలాల మీద, కాలవ నీళ్ల మీద తెల్లటి మెరుపు ఎక్కువగా ఉంటే పోలరైజర్ ఫిల్టర్ పనిచేస్తుంది. నీటిని ఏటవాలుగా చూసినప్పుడే దాని ప్రభావం బాగా ఉంటుంది, నేరుగా కిందికి చూస్తే దాదాపు ఉండదు, కోణం నేల మీదే సరిచూసి బిగించాలి. వైడ్ లెన్స్‌తో ఆకాశం ఎక్కువగా ఉన్న ఫ్రేముకు దాన్ని వాడొద్దు, నీలంలో ఒకచోట ముదురు పట్టీ వస్తుంది. వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు వీడియోకు. పగటి ఫొటోకు వాటి అవసరం దాదాపు ఉండదు, తీసేయండి.

కెమెరా సెట్టింగులు

ఆటో మోడ్ వదిలి ప్రో మోడ్‌లోకి వెళ్లండి. ఫార్మాట్ రా ప్లస్ జేపెగ్. రా అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 12 బిట్ రా ఫైల్లో 4096 ఉంటాయి. నీడలను పైకి లేపినప్పుడు, ఆకాశాన్ని కిందికి దించినప్పుడు ఈ తేడా బయటపడుతుంది. ఇంకొక సంగతి, చిన్న డ్రోన్లు జేపెగ్ తయారుచేసేటప్పుడు గ్రెయిన్స్‌తో పాటు వరి ఆకులను, గడ్డిని కూడా తుడిచేసి నీళ్ల రంగుల బొమ్మలా చేస్తాయి. రా ఫైల్లో గ్రెయిన్స్ ఉంటాయి, గడ్డి కూడా ఉంటుంది.

వెలుగుకు సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓను 100 దగ్గర కట్టేయండి. పగలు దాన్ని కదపాల్సిన పని లేదు. చిన్న డ్రోన్లలో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మారదు కాబట్టి వెలుగును షట్టర్ స్పీడ్‌తోనే సర్దుకోవాలి. ఎపర్చర్ మార్చుకునే వీలున్న పెద్ద డ్రోన్ అయితే ఎఫ్ 4 నుంచి 5.6 మధ్య ఉంచండి, ఎఫ్ 11కు పోతే ఫొటో మెత్తబడుతుంది. పగలు షట్టర్ 1/200 కంటే తగ్గనివ్వకండి, నది మీద గాలి ఎక్కువగా ఉంటే 1/500. ఎగురుతూ తీయొద్దు. స్టిక్ వదిలేసి, డ్రోన్ ఆగాక మూడు నాలుగు సెకన్లు చూసి అప్పుడు నొక్కండి. ప్రతి ఫ్రేమూ రెండుసార్లు తీయడం మంచి అలవాటు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచొద్దు. ఎండకు 5500 కెల్విన్ దగ్గర పెట్టేయండి. లేకపోతే పనోరమా ముక్కల్లో ఒకటి నీలంగా, ఒకటి పసుపుగా వచ్చి అతుకులు బయటపడతాయి.

48 మెగాపిక్సెల్ మోడ్ ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ చిన్న సెన్సర్లలో నాలుగేసి పిక్సెల్స్ ఒకే రంగు ఫిల్టర్ కింద ఉంటాయి. మంచి ఎండలో 48 మోడ్ కొంత అదనపు వివరం ఇస్తుంది. సాయంత్రం అయితే 12 మోడ్‌లోనే తీయండి, నాలుగు పిక్సెల్స్ కలిసి పనిచేసి గ్రెయిన్స్ తగ్గుతాయి.

ఎక్స్‌పోజర్‌కు ఫోన్ తెరను నమ్మొద్దు. ఎండలో తెర మసకగా కనిపిస్తుంది, మీరు తెలియకుండానే ఫొటో ఓవర్ చేసేస్తారు. హిస్టోగ్రామ్ ఆన్ చేసుకోండి, చీకటిని ఎడమన, వెలుగును కుడిన చూపే గ్రాఫ్ అది. గుట్ట కుడి అంచుకు దగ్గరగా ఉండాలి, గోడకు కొట్టుకోకూడదు. మబ్బులు, తెల్ల పంచెలు, సిమెంటు రోడ్లు ముందుగా తెల్లబోయేవి. ఒకసారి పూర్తిగా తెల్లబోయిన చోట రా ఫైల్లో కూడా ఏమీ మిగలదు. నీడల్లో మిగులుతుంది. అనుమానం వస్తే కాస్త తక్కువ వెలుగుకే మొగ్గండి.

సూర్యాస్తమయంలో ఆకాశానికీ నేలకీ తేడా మరీ ఎక్కువ. వెలుగు మారుస్తూ వరసగా ఫొటోలు తీసే బ్రాకెటింగ్ మోడ్ చాలాసార్లు ఫొటోకూ ఫొటోకూ మధ్య స్టాప్‌లో మూడింట రెండు వంతులే తేడా ఇస్తుంది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం). మూడు ఫొటోలతో అది ఏ మూలకూ చాలదు. మీరే షట్టర్ మార్చి ఒకటి మామూలుగా, ఒకటి రెండు స్టాప్‌లు తక్కువగా, ఒకటి రెండు స్టాప్‌లు ఎక్కువగా తీసుకోండి. ఉదాహరణకు 1/200, 1/800, 1/50. మూడింటినీ తర్వాత కలపొచ్చు.

ఎరుపు దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త

కల్లం ఫొటోలు ఎర్ర ముద్దగా రావడానికి ఎత్తు ఒక కారణమైతే, ఎరుపు రంగే రెండో కారణం. ఫొటోలో మూడు రంగుల చానెళ్లు ఉంటాయి. ఎండుమిర్చి మీద ఎండ పడినప్పుడు ఎరుపు చానెల్ ఒక్కటే పరిమితిని తాకేస్తుంది, ఆకుపచ్చ, నీలం చానెళ్లు ఎక్కడో కింద ఉంటాయి. యాప్‌లో మీరు చూసే హిస్టోగ్రామ్ ఎక్కువగా మొత్తం వెలుగును చూపించేది. ఆ మొత్తంలో ఎరుపు వాటా మూడో వంతు కూడా ఉండదు. అందువల్ల హిస్టోగ్రామ్ నడిమధ్యలో హాయిగా కనిపిస్తూ ఉండగానే జేపెగ్‌లో ఎరుపు నిండిపోతుంది. నిండిన చోట కాయ మీది మెరుపు, ముడత, నీడ అన్నీ ఒకే ఎరుపు అంకెగా మారిపోతాయి.

చేయాల్సింది ఇది. కల్లం మీద హిస్టోగ్రామ్ చెప్పినదానికంటే మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించండి, జేపెగ్ మాత్రమే తీస్తుంటే ఒక స్టాప్ నిండా తగ్గించండి. కలర్ ప్రొఫైల్ నార్మల్‌లో ఉంచండి, వివిడ్ జోలికి పోవద్దు. రా ఫైల్లో ఎరుపు చాలాసార్లు బతికే ఉంటుంది. ఎడిటింగ్‌లో రంగుల విభాగానికి వెళ్లి ఎరుపు సాచురేషన్‌ను 10 నుంచి 20 దాకా తగ్గించి చూడండి. రంగు పాలిపోతుందని భయపడతారు, కానీ కాయలు ఒక్కొక్కటిగా విడివడి కనిపించడం మొదలవుతుంది. నారింజ స్లైడర్‌ను కూడా కొద్దిగా సర్దాల్సి రావచ్చు. మొత్తం సాచురేషన్ స్లైడర్‌ను ముట్టుకోవద్దు.

ఇందులో అందం ఒక్కటే విషయం కాదు. ఇప్పుడు రైతులు కల్లం ఫొటోలు వ్యాపారులకు పంపుతున్నారు. మిర్చికి ధర పలికేది రంగు చూసే. మీరు రంగు పెంచి ఇస్తే, యార్డులో బస్తా విప్పినప్పుడు మాట పడేది ఆ రైతు. ఉన్న రంగును ఉన్నట్టు చూపించే ఫొటోనే ఆయనకు పనికొస్తుంది.

సాయంత్రం నది మీద

పున్నమి ఘాట్ వైపు దీపాలు వెలిగాక తీసే ఫొటోలు గ్రెయిన్స్‌తో నిండిపోతాయని అందరూ బాధపడతారు. దీనికి ఖర్చు లేని మందు ఉంది: ఒకే ఫ్రేమును చాలాసార్లు తీసి సగటు కట్టడం. గ్రెయిన్స్ ప్రతి ఫొటోలో వేరువేరు చోట్ల పడతాయి, భవనాలూ దీపాలూ కదలవు. సగటు కడితే కదలనివి నిలుస్తాయి, గ్రెయిన్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నాలుగు ఫొటోలు కలిపితే గ్రెయిన్స్ సగానికి, తొమ్మిది కలిపితే మూడో వంతుకు తగ్గుతాయి.

పూర్తిగా చీకటి పడకముందే, ఆకాశంలో ఇంకా నీలం ఉండగానే మొదలుపెట్టండి. సూర్యుడు దిగాక ఇరవై నిమిషాల నుంచి అరగంట లోపు సమయం మంచిది. గాలి లేని రోజు చూసుకోండి. ఐఎస్ఓ 100 నుంచి 200, షట్టర్ 1/15 నుంచి 1/30. వీధి దీపాల్లో తెల్ల ఎల్‌ఈడీలూ, పసుపు దీపాలూ కలిసి ఉంటాయి కాబట్టి వైట్ బ్యాలెన్స్ 4000 దగ్గర పెట్టండి. ఆటో ఫోకస్ ఉన్న డ్రోన్ అయితే దూరంగా వెలుగుతున్న దీపం మీద తట్టి ఫోకస్ కుదిరాక మాన్యువల్‌కు మార్చేయండి, లేకపోతే చీకట్లో ఫోకస్ వెతుక్కుంటూనే ఉంటుంది. సెట్టింగ్ ఏదీ మార్చకుండా పది ఫొటోలు వరసగా తీయండి. తెర మీద పెద్దది చేసి చూస్తే ఒకటో రెండో వణికినట్టు తేలతాయి, వాటిని పక్కన పెట్టేయండి.

ఇంటికొచ్చాక ఫొటోషాప్‌లో అన్నింటినీ పొరలుగా వేసి, ఆటో అలైన్ చేసి, స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చి, స్టాక్ మోడ్‌లో మీన్ ఎంచుకోండి. ఫొటోషాప్ లేనివాళ్లు హ్యూగిన్‌తో ఫొటోలను సరిపోల్చి, గింప్‌లో పొరలుగా వేసి, కింది నుంచి రెండో పొరకు 50 శాతం, మూడోదానికి 33, నాలుగోదానికి 25 చొప్పున ఒపాసిటీ తగ్గిస్తూ పోతే అదే సగటు వస్తుంది. కృష్ణ నీళ్లు కూడా నునుపుగా మారతాయి. వాహనాలు మాత్రం నీడల్లా మిగులుతాయి. అవి వద్దనుకుంటే మీన్‌కు బదులు మీడియన్ వాడండి.

ఎడిటింగ్: వరస తప్పొద్దు

ముందు లెన్స్ కరెక్షన్, తర్వాత వైట్ బ్యాలెన్స్, తర్వాత ఎక్స్‌పోజర్. హైలైట్స్ దించండి, షాడోస్ లేపండి, రెండూ కొంచెం కొంచెంగా. గ్రెయిన్స్ తగ్గించే పని రా ఫైల్ దశలోనే చేయాలి, షార్ప్ చేశాక చేస్తే గ్రెయిన్స్‌నే షార్ప్ చేసినట్టవుతుంది. డీహేజ్ 10, 15 దగ్గర ఆపండి. అంతకంటే పెంచితే ఆకాశంలో మరకలు తేలతాయి, నీడలు నల్లగా గడ్డకడతాయి. దూరపు కొండలకే మసక ఉంటే మాస్క్ వేసి అక్కడికే డీహేజ్ ఇవ్వండి.

షార్ప్‌నెస్ చివరిది. లైట్‌రూమ్‌లో మాస్కింగ్ స్లైడర్‌ను పెంచితే ఆకాశం, నీళ్లు వదిలేసి అంచులనే షార్ప్ చేస్తుంది. తాటిచెట్ల చుట్టూ, గోపురం అంచుల చుట్టూ తెల్లటి గీత కనబడిందంటే ఎక్కువైందని అర్థం. ఫొటోను 100 శాతానికి పెంచి చూస్తూ చేయండి, తెరకు సరిపడా చిన్నదిగా ఉన్నప్పుడు చేసిన షార్పింగ్ ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. లైట్‌రూమ్ లేకపోతే కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్, ఫోన్‌లో స్నాప్‌సీడ్ ఉచితంగా దొరుకుతాయి, రెండూ రా ఫైళ్లను తెరుస్తాయి.

ప్రింటుకు, వాట్సాప్‌కు

4000 పిక్సెల్స్ వెడల్పున్న ఫొటో అంగుళానికి 300 చుక్కల చొప్పున 13 అంగుళాల దాకా బాగా ప్రింటవుతుంది. పెళ్లి ఆల్బమ్‌లో 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పున్న కరిజ్మా షీట్ నిండా మండపం డ్రోన్ షాట్ వేయాలంటే 10800 పిక్సెల్స్ కావాలి, ఒక్క ఫొటోతో రాదు. ఆ రోజే పనోరమాగా తీసి ఉంచుకోవాలి. ఫ్లెక్సీకి ఇంత అవసరం లేదు, దూరం నుంచి చూసేది కాబట్టి పది అడుగుల ఫ్లెక్సీకి కూడా మంచి 12 మెగాపిక్సెల్ ఫొటో నడిచిపోతుంది.

ఎగుమతి చేసేటప్పుడు కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ, జేపెగ్ నాణ్యత 90 పెట్టండి. వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, కాయలన్నీ మళ్లీ ముద్దవుతాయి. అటాచ్ గుర్తు నొక్కి, డాక్యుమెంట్ ఎంచుకుని పంపండి. లేదంటే డ్రైవ్ లింక్ ఇవ్వండి. రా ఫైళ్లు ఒక్కోటి 20 ఎంబీ పైన ఉంటాయి, అయినా చెరపొద్దు. వచ్చే ఏడాది డీనాయిజ్ సాఫ్ట్‌వేర్ ఇంకాస్త మెరుగుపడినప్పుడు అదే కల్లం, అదే సాయంత్రం మళ్లీ తెరిచి చేసుకోవచ్చు.